ఆఫ్‌రోడ్‌లో టైరు రిమ్ము మీద తిరగకుండా, ట్యూబు పంక్చర్ కాకుండా ఏం చేయాలి

మట్టిలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించుకోమని ఆఫ్‌రోడ్ బండి కొన్న ప్రతివాడికీ ఎవరో ఒకరు చెబుతారు. మంచి మాటే. గాలి తగ్గితే టైరు కాస్త పరుచుకుని నేలను ఎక్కువ పట్టుకుంటుంది, రాళ్ళ మీద ఎగిరెగిరి పడటం తగ్గుతుంది. కానీ గాలి తగ్గించాక ఇంకో రెండు జరుగుతాయి, వాటి గురించి మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. ఒకటి, టైరు రిమ్మును గట్టిగా పట్టుకోవడం మానేస్తుంది. మీరు యాక్సిలరేటర్ తిప్పితే రిమ్ము తిరుగుతుంది, టైరు అరక్షణం వెనకబడుతుంది, దాంతోపాటు లోపలి ట్యూబు కూడా జరుగుతుంది. వాల్వ్ మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది కదా, అది మొదలు దగ్గరే తెగిపోతుంది. రెండు, పదునైన రాయి తగిలినప్పుడు టైరు రిమ్ముదాకా నొక్కుకుపోయి, మధ్యలో ఇరుక్కున్న ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. పాము కాటు గాట్లలా ఉంటాయి కాబట్టి రైడర్లు దాన్ని స్నేక్‌బైట్ అంటారు.

అంటే ఇవి రెండు వేరువేరు సమస్యలు కావు, రెండూ తక్కువ గాలి దగ్గరే మొదలవుతాయి. అందుకే ఎంత గాలి పెట్టాలి అనే ప్రశ్న ముందు అడగకండి. అంత తక్కువ గాలికి మీ చక్రం సిద్ధంగా ఉందా అని చూసుకోండి, అంకెల సంగతి తర్వాత.

ఇక్కడ చెప్పేదంతా మన దగ్గర ఎక్కువగా కనిపించే హీరో ఎక్స్‌పల్స్ 200, పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 లాంటి బళ్ళ గురించి. ముందు 21 అంగుళాల చక్రం, వెనక ఎక్స్‌పల్స్‌కి 18, హిమాలయన్‌కి 17, స్పోకుల రిమ్ములు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు వేయించుకున్నవాళ్ళకి స్నేక్‌బైట్ బాధ లేదు, వాళ్ళ బాధ రిమ్ము సొట్టపడి పక్కనుంచి గాలి పోవడం. వాళ్ళకి ఇందులో సగమే పనికొస్తుంది.

ముందు చక్రాన్ని ఒకసారి చూడండి

బండిని సెంటర్ స్టాండ్ మీదో, కింద దుంగ పెట్టో లేపి, రెండు చక్రాల్లోనూ వాల్వ్ ఎలా నిలబడిందో చూడండి. రిమ్ములోంచి నిటారుగా రావాలి. ఏ పక్కకైనా వాలి ఉంటే టైరు ఇప్పటికే తిరిగిందన్నమాట, ఇంకాస్త తిరిగితే తెగుతుంది. వెనక చక్రంలో ఇది యాక్సిలరేటర్ వల్ల, ముందు చక్రంలో గట్టి బ్రేకుల వల్ల జరుగుతుంది.

చాలా బళ్ళలో వాల్వ్ మొదట్లో ఒక చిన్న నట్టు ఉంటుంది. పంక్చర్ షాపులో దాన్ని రిమ్ముకు ఆనించి గట్టిగా బిగించి ఇస్తారు, చూడటానికి బాగానే ఉంటుంది. ఆఫ్‌రోడ్ తిరిగే బండికి అలా వద్దు. నట్టు బిగించి ఉంటే టైరు తిరిగినా వాల్వ్ వాలదు, కాబట్టి మీకు తెలియదు, తెగినప్పుడే తెలుస్తుంది. ఆ నట్టును పైకి తిప్పి వాల్వ్ మూతకి ఆనించి అక్కడే వదిలేయండి. మూత ఊడకుండా కూడా ఉంటుంది.

తర్వాత ఒక చిన్న పని. టైరు పక్కగోడ మీద నుంచి రిమ్ము మీదికి వచ్చేలా ఒక అడ్డగీత గీయండి, తెల్ల పెయింట్ ఉంటే పెయింట్, లేకపోతే ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్. ప్రతి రైడ్ తర్వాత చూడండి, గీత రెండు ముక్కలై జరిగితే టైరు ఎంత తిరిగిందో కళ్ళెదుటే ఉంటుంది. రెండు నిమిషాల పని. టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ కొనాలా వద్దా అనేది ఎవరినో అడగడం కంటే ఈ గీతను అడగడం మంచిది.

రిమ్ లాక్

వాల్వ్ కాకుండా రిమ్ములోంచి ఇంకో బోల్టు, నట్టు బయటికి వచ్చి ఉంటే మీ బండికి రిమ్ లాక్ ఉన్నట్టే. పోటీలకి తయారుచేసే డర్ట్ బైకులకి కంపెనీ నుంచే వస్తుంది, మన రోడ్ల కోసం వచ్చే బళ్ళకి మామూలుగా ఉండదు. అది చేసే పని తేలిక. రబ్బరు తొడిగిన చిన్న గట్టి దిమ్మ ఒకటి ట్యూబుకీ రిమ్ముకీ మధ్య కూర్చుంటుంది, బయట నట్టు బిగిస్తే ఆ దిమ్మ టైరు అంచుల్ని రెండు వైపులా రిమ్ముకేసి నొక్కిపడుతుంది. టైరు అంచులో ఇనుప తీగలున్న ఆ గట్టి చుట్టును బీడ్ అంటారు, ఈ మాట ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

కొనేటప్పుడు వెడల్పు చూసుకోండి. రిమ్ము మీదే అచ్చు వేసి ఉంటుంది, 1.85, 2.15 లాంటి అంకెలు. రిమ్ లాక్ మీద కూడా అదే అంకె ఉండాలి. వెడల్పు తేడా వస్తే బీడ్‌ను సరిగా పట్టదు, ఊరికే బరువు మోసినట్టవుతుంది.

రిమ్ముకు రంధ్రం వేయాలి, చాలామంది వెనకాడేది ఇక్కడే. వారంటీలో ఉన్న బండైతే ముందు ఆలోచించుకోండి. వేస్తే మాత్రం రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో, రెండు స్పోకుల నడుమ వేయాలి. వాల్వ్‌కు దూరంగా ఉండాలి కానీ సరిగ్గా ఎదురుగా వేసే ముందు రిమ్ము అతుకు ఎక్కడుందో చూడండి, తరచుగా అక్కడే ఉంటుంది, అతుకు మీద డ్రిల్లు పెట్టకండి, ఒకటి రెండు స్పోకులు పక్కకి జరపండి. బోల్టు 8 మిల్లీమీటర్లదైతే రంధ్రం దానికంటే అర మిల్లీమీటరు ఎక్కువ చాలు. పూర్తయ్యాక రంధ్రం అంచుల్ని లోపలా బయటా ఆకురాయితో నున్నగా రుద్దండి, లేకపోతే ఆ రంధ్రమే ట్యూబును కోస్తుంది. డ్రిల్లు చేతిలో కుదురుగా నిలవని వాళ్ళు లేత్ షాపుకి వెళ్ళి వేయించుకోండి, అందులో నామోషీ ఏం లేదు.

ఎన్ని కావాలి? నా లెక్కలో మనలాంటి రైడర్లకి వెనక ఒకటి చాలు. ముందు చక్రానికి బ్రేకు మీద ఎక్కువ ఆధారపడి నిట్టనిలువు దిగుళ్ళు దిగేవాళ్ళకి తప్ప అవసరం రాదు. ఒకటే పెడితే చక్రం ఒకపక్క బరువెక్కి, హైవే మీద వేగం పెరిగేకొద్దీ బండి అదురుతుంది. దానికి ఎదురుగా స్పోకులకి బ్యాలెన్స్ బరువులు కట్టించుకోండి.

ట్యూబు, దాని కింద టేపు

స్పోకు రిమ్ములో ప్రతి స్పోకు చివరా ట్యూబు వైపే ఉంటుంది. ఆ చివర్లను కప్పే రిమ్ టేప్ చిరిగినా, పక్కకి జరిగినా, ఏదో ఒక స్పోకు మొన బయటికి పొడుచుకొచ్చినా లోపలి నుంచే పంక్చర్ అవుతుంది, అప్పుడు మీరు టైరుకి బయట ఎంత వెతికినా ముల్లు కనపడదు. టైరు ఊడదీసిన ప్రతిసారీ రిమ్ములోపల వేలితో తడిమి చూడండి. పొడుచుకొచ్చిన మొన ఉంటే ఆకురాయితో రాసి, టేపు కొత్తది వేయండి.

మామూలు ట్యూబు బదులు హెవీ డ్యూటీ ట్యూబు వేయించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో డబ్బుకి తగ్గ ఫలితమిచ్చే పని. గోడ మందంగా ఉంటుంది కాబట్టి స్నేక్‌బైట్‌ను బాగా తట్టుకుంటుంది, ముళ్ళను కొంతవరకు. బరువు పెరుగుతుంది, హైవే మీద వేడి కూడా కాస్త ఎక్కువే, ఆ రెండూ భరించొచ్చు. 4 మిల్లీమీటర్ల అల్ట్రా హెవీ డ్యూటీ రకాలు కూడా దొరుకుతాయి, వాటిని రాళ్ళ మీద పోటీలకి వదిలేయండి. ఎక్కించడమే ఒక కుస్తీ, దారిలో విప్పాల్సి వస్తే ఇంకా కుస్తీ.

ట్యూబులో పోసే సీలెంట్ గురించి అడిగేవాళ్ళు చాలామంది. సన్న ముల్లు చేసిన రంధ్రానికి పనిచేస్తుంది, నిజమే. స్నేక్‌బైట్‌కి, వాల్వ్ తెగిన దానికి అస్సలు పనిచేయదు. పైగా ఒకసారి పోశాక ఆ ట్యూబుకి ప్యాచ్ వేయాలంటే జిగట ద్రవం కారుతూనే ఉంటుంది, ప్యాచ్ అతికించే సొల్యూషన్ అంటుకోదు, షాపువాడు మీ మొహం చూస్తాడు. రాయలసీమ పల్లె దారుల్లో, ఎండిన చెరువుల్లో సర్కారు తుమ్మ మధ్య తిరిగేవాళ్ళయితే పోసుకోండి. కొండరాళ్ళ మీద తిరిగేవాళ్ళకి దండగ.

మూస్ అని గాలే లేని నురుగు రబ్బరు చుట్టలు కూడా ఉన్నాయి, పంక్చర్ అన్నమాటే ఉండదు. కానీ తారు రోడ్డు మీద ఎక్కువసేపు పరిగెడితే వేడెక్కి పాడైపోతాయి, లోపల జెల్ రాస్తూ ఉండాలి. బండిని ట్రక్కులో వేసుకుని ట్రాక్‌కి తీసుకెళ్ళేవాళ్ళ సరుకు అది. మనం ఇంటి నుంచి నడుపుకుంటూ వెళ్ళి, నడుపుకుంటూ రావాలి.

ఎక్కించేటప్పుడే సగం పంక్చర్లు

టైరు మార్చుకున్న మర్నాడే గాలి పోయిందంటే తప్పు ముల్లుది కాదు, టైరును రిమ్ము మీదికి ఎక్కించే ఇనుప లివరుది. ఈ భాగం తొందర లేకుండా చదవండి.

ముందు రిమ్ లాక్‌ను రంధ్రంలో పెట్టి, నట్టు నాలుగైదు చుట్లు మాత్రమే తిప్పండి, దిమ్మ లోపల వదులుగా ఆడుతుండాలి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే అది సరిగ్గా ఉందో లేదో చూసి మొదటి బీడ్ ఎక్కించండి. రిమ్ లాక్ దగ్గరికి వచ్చేసరికి బయటి నుంచి బోల్టును లోపలికి నొక్కితే దిమ్మ పైకి లేస్తుంది, బీడ్ దాని కిందకి దూరుతుంది. దూరకుండా దిమ్మ మీద కూర్చుంటే తర్వాత ఎంత బిగించినా లాభం లేదు.

ట్యూబుకి టాల్కమ్ పౌడర్ చల్లండి, లోపల ఎక్కడా అంటుకోకుండా సర్దుకుంటుంది. ట్యూబు గుండ్రంగా రూపు తేలేంత గాలి మాత్రం పట్టి, మడతలు లేకుండా లోపలికి తోయండి. చప్పగా ఉన్న ట్యూబు లివరు కిందకి వస్తుంది, ఉబ్బిన ట్యూబు కూడా వస్తుంది. రెంటికీ మధ్యలో ఉండాలి.

రెండో బీడ్‌ను రిమ్ లాక్ దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ బోల్టు నొక్కి దాని కిందకి దూర్చి, రెండు వైపులా కొంచెం కొంచెంగా వస్తూ వాల్వ్ దగ్గర ముగించండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, తెలిసినవాడికి టైరు చేతులతోనే ఎక్కుతుంది, తెలియనివాడు లివరు వంచుతాడు. రిమ్ముకు మధ్యలో లోతైన గాడి ఉంటుంది. మీరు లివరు పెట్టిన చోటుకి ఎదురువైపు బీడ్‌ను మోకాలితో నొక్కి ఆ గాడిలోకి దింపితే, ఈ వైపు ఆ మేరకు వదులు వస్తుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే అవతలి బీడ్ గాడిలోంచి పైకి వచ్చేసిందని అర్థం, ఆగి మళ్ళీ దింపండి. చివరి జానెడు ఎక్కించేటప్పుడు వాల్వ్‌ను బయటి నుంచి లోపలికి ఒకసారి నొక్కితే ట్యూబు పైకి లేచి లివరు నుంచి తప్పుకుంటుంది. లివరును కూడా లోతుగా దూర్చకండి, బీడ్‌ను పట్టేంత చాలు.

జారడానికి సబ్బునీళ్ళు వాడండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరు పాడవడం ఒకటి, టైరు రిమ్ము మీద తిరగడం ఇంకోటి. సబ్బు కూడా కుండ కుమ్మరించినట్టు వద్దు, అది ఆరేదాకా టైరు తిరుగుతూనే ఉంటుంది, అందుకే రైడ్‌కి ముందురోజు కాకుండా రెండు మూడు రోజుల ముందే ఎక్కించుకుంటే మంచిది.

ఇప్పుడు గాలి పట్టండి. 35, 40 పీఎస్ఐ దాకా వెళ్ళేసరికి టప్ మని శబ్దం చేస్తూ బీడ్ కూర్చుంటుంది. టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠ అంకె మాత్రం దాటకండి. రిమ్ము అంచుకు దగ్గర టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది, అది అన్నిచోట్లా రిమ్ముకు ఒకే దూరంలో కనపడాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి దింపి, అక్కడ సబ్బునీళ్ళు రాసి మళ్ళీ పట్టండి. బీడ్ కూర్చున్న తర్వాతే రిమ్ లాక్ నట్టు బిగించాలి, ముందు కాదు. టార్క్ రెంచి ఉంటే 12 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి, లేకపోతే పొట్టి పానాతో చేతికి గట్టిగా అనిపించేదాకా చాలు. మొదటి రైడ్ తర్వాత ఇంకోసారి చూడండి, కాస్త వదులవుతుంది.

ఇక ఎంత గాలి

రోడ్డు మీద ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో, స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, అదే పెట్టండి. మట్టిలోకి దిగాక, ఒక మనిషి, సామాను లేకుండా, 160 కిలోల ఎక్స్‌పల్స్ లాంటి బండికి నేను మొదలుపెట్టమనేది ఇలా. ఎర్రమట్టి, పొలం బాటలు, గులక దారి అయితే ముందు 20 పీఎస్ఐ, వెనక 22. పెద్ద రాళ్ళు ఉన్న చోట గాలి తగ్గించడం కాదు, ఒకటి రెండు పెంచండి, ఎందుకంటే అక్కడ పట్టు కంటే రిమ్ము, ట్యూబు ముఖ్యం. ఏటి ఇసుకలో, బురదలో 15 దాకా దిగొచ్చు, కానీ రిమ్ లాక్ ఉంటేనే. హిమాలయన్ 200 కిలోల దగ్గర ఉంటుంది, దానికి ఇవే అంకెలకి రెండు మూడు కలపండి. మీరు బరువైన మనిషైతే ఇంకొకటి. నల్లరేగడి తడిసినప్పుడు మాత్రం ఏ అంకె పెట్టినా ఒకటే, టైరు గాళ్ళలో మన్ను కూరుకుపోయి చక్రం నున్నటి గుండయిపోతుంది, ఆ రోజు ఇంటి దగ్గరుంటే మంచిది.

ఈ అంకెలన్నీ టైరు చల్లగా ఉన్నప్పటివి. పెట్రోల్ బంకులో గాలి మెషిన్‌ను 15, 20 దగ్గర నమ్మకండి, తక్కువ అంకెలు బాగా చూపించే చిన్న గేజ్ ఒకటి సొంతంగా కొనుక్కోండి. ఎప్పుడూ అదే గేజ్ వాడితే అది ఒక పాయింట్ అటూ ఇటూ చూపించినా ఫర్వాలేదు, మీ లెక్క మీకు కుదురుతుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు చిన్న పంపుతో మళ్ళీ నింపుకోండి. 18 పీఎస్ఐతో హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో వెళితే ట్యూబు వేడెక్కుతుంది, వంపుల్లో బండి ఈదుతున్నట్టు ఉంటుంది.

నడపడంలో

మారేడుమిల్లి వైపో, అరకు వైపో ఘాట్ రోడ్డు వదిలి పక్క ఊళ్ళకి వెళ్ళే రాళ్ళ దారిలో చూడండి, ఎక్కువ స్నేక్‌బైట్లు వేగంలో కాదు, బ్రేకు పట్టుకుని రాయిని గుద్దినప్పుడే పడతాయి. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, సరిగ్గా అప్పుడు అంచున్న రాయి తగిలితే టైరు రిమ్ముదాకా నలిగిపోతుంది. కాబట్టి రాయి రాకముందే వేగం తగ్గించి, రాయి దగ్గర బ్రేకు వదిలేయండి. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడండి, మోకాళ్ళు కాస్త వంచి, రాయి ఎక్కేటప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ముందు చక్రాన్ని తేలిక చేయండి. ఎక్కుడులో వెనక చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంటే ఆపేయండి, అది ఒక్కసారిగా రాయిని పట్టుకున్న క్షణంలోనే టైరు రిమ్ము మీద జరుగుతుంది.

కొట్టి పడేసిన ముళ్ళకంప మీదుగా, కంచె వారగా వెళ్ళకండి, ఎండిన తుమ్మ ముల్లు పచ్చిదానికంటే చెడ్డది. ఆగినప్పుడల్లా టైర్ల మీద ఒక చూపు వేసి, గుచ్చుకున్న ముళ్ళను కటింగ్ ప్లేయరుతో లాగేయండి. పైన విరిగిన ముల్లు అక్కడే ఉండిపోదు, తిరిగేకొద్దీ లోపలికి దిగుతుంది. పల్లేరు కాయలకి సైకిళ్ళు భయపడాలి కానీ, గుబ్బలున్న మన టైర్లకి పెద్దగా ఏం కాదు. ఇంకోమాట, రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి దింపకండి, పంక్చర్‌తో పాటు కేసు కూడా తగులుతుంది.

దారిలో పంక్చర్ అయితే

సంచిలో ఉండాల్సినవి: మూడు లివర్లు, యాక్సిల్‌కి సరిపోయే పానా, రిమ్ లాక్ నట్టుకి పానా, వాల్వ్ పిన్ను తీసే పనిముట్టు, పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్, ఎమరీ పేపర్, ఒక స్పేర్ ట్యూబు. ఒకటే ట్యూబుకి చోటుంటే 21 అంగుళాలది పెట్టుకోండి. అవసరానికి వెనక 18 చక్రంలో కూడా దూరుతుంది, కాస్త సాగి, నెమ్మదిగా ఇంటికి చేరుస్తుంది. వెనకది ముందుకి సరిపోదు. సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిచాక సంచిలోనే ఎండిపోతుంది, కాబట్టి కొత్తది ఒకటి మూత తెరవకుండా ఉంచండి.

బీడ్ వదలకపోతే పక్కవాడి బండి సైడ్ స్టాండ్‌ను టైరు మీద ఆనించి ఆ బండిని వంచితే వదిలేస్తుంది. రిమ్ లాక్ నట్టు ముందే వదులు చేసి బోల్టు లోపలికి నొక్కారా లేదా చూసుకోండి, అది మర్చిపోయి గంటసేపు కొట్టుకునేవాళ్ళు ఉంటారు. ఒక వైపు బీడ్ మాత్రమే తీసి ట్యూబు బయటికి లాగండి.

కొత్త ట్యూబు వేసే ముందు పంక్చర్ ఎక్కడిదో కనిపెట్టాల్సిందే. తీసిన ట్యూబుకి గాలి కొట్టి, రంధ్రం వాల్వ్‌కు ఎంత దూరంలో ఉందో చూసి, టైరు మీద అదే దూరంలో వెతకండి. టైరు లోపల వేళ్ళతో తడమకండి, ముల్లు మీ వేలికే దిగుతుంది, పాత బనియన్ ముక్కను లోపలంతా నెమ్మదిగా రాయండి, ముల్లు మొన ఎంత చిన్నదైనా ఆ గుడ్డ దారం పట్టుకుంటుంది. రంధ్రం రిమ్ము వైపు ఉంటే స్పోకునీ టేపునీ చూడండి. రెండు గాట్లు ఉంటే స్నేక్‌బైట్, వాల్వ్ మొదట్లో చీలితే టైరు తిరిగింది. వాల్వ్ దగ్గర చీలినదానికి ప్యాచ్ నిలవదు, ఆ ట్యూబు పని అయిపోయినట్టే.

మిగతావాటికి, చుట్టూ ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వండి. తడిగా ఉండగానే ప్యాచ్ అతికిస్తే పది కిలోమీటర్లు కూడా రాదు. ఆరాక ప్యాచ్ పెట్టి లివరు వెనక వైపుతో మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కుతూ రాయండి, పైన కాస్త పౌడరు చల్లి ట్యూబును లోపలికి పంపండి. ఇంటికి వచ్చాక స్పోకులు ఒక్కొక్కటీ పానాతో తట్టి చూడండి, మొద్దుగా మోగినది వదులైంది. గీత జరిగిందో లేదో చూసి, జరిగి ఉంటే గాలి మొత్తం దింపి, టైరును వెనక్కి తిప్పి, వాల్వ్‌ను మళ్ళీ నిటారుగా నిలబెట్టి, కొత్త గీత గీయండి.